గీత ఎవరు గీశారు?

ఎమ్మిగనూరు వేరుశనగ వ్యాపారి ఒకాయన ఈ వారం ల్యాబ్ రిపోర్టు తెచ్చి నా ముందు పెట్టాడు. అఫ్లాటాక్సిన్ బి1 అనే బూజు విషం ఎదురుగా 'లేదు' అని ఉంది. కింద గ్రాఫులో మాత్రం ఆ విషం రావలసిన నిమిషం దగ్గరే చిన్న గుట్ట లేచి ఉంది. "కనిపిస్తాంటే లేదంటాండారే, ఇదేంది సార్?" అన్నాడు. నాకు హుషారొచ్చింది. యంత్రాన్ని నమ్మి కళ్లు మూసుకోవద్దన్నది నా పాత పాటే కదా.

తీరా చూస్తే ల్యాబు మాటే నిజం. గుట్ట లేచినంత మాత్రాన అది బి1 అయిపోదు. బి1 అయాను బరువు 313. దాన్ని పగలగొడితే 285, 241 ముక్కలు రావాలి. రెండూ ఒకే సమయానికి లేవాలి, వాటి నిష్పత్తి స్వచ్ఛమైన బి1 నిష్పత్తితో కలవాలి. ఈయన గ్రాఫులో 285 దగ్గర గుట్ట ఉంది, 241 దగ్గర చదునే. అది మరేదో పదార్థం. అసలు గుట్టయినా గ్రాఫులో ఎప్పుడూ ఉండే రొద కన్నా మూడింతలు లేస్తేనే 'ఉంది' అంటారు, పదింతలైతేనే అంకె వేస్తారు.

యంత్రం సంగతి అలా ఉంచితే, కన్నంటే మా పెదనాయన కన్నే. ఆదోని యార్డులో రాశి ముందు కూర్చుని నాలుగు కాయలు చిదిపి, పప్పు రంగు చూసి, నోట్లో వేసుకుని ధర చెప్పేవాడు. ఆ ధరకు ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. కాకపోతే ఒక సంగతి నేను చిన్నప్పుడే గమనించాను. తనకు నచ్చిన రైతు రాశిలో ఆయన చెయ్యి పైపైనే ఆడేది. నచ్చనివాడి రాశిలో మోచేతి దాకా దిగేది, అడుగున తడిసిన కాయే పైకొచ్చేది. పెదనాయన అబద్ధం చెప్పలేదు. చూసినదే చెప్పాడు. ఎక్కడ చూడాలో మాత్రం మనసు ముందే తేల్చేసుకునేది.

గ్రాఫు ముందు కూర్చున్న కెమిస్టుదీ అదే స్థితి. గుట్ట కింది గీతను మౌసుతో కాస్త పైకి జరిపితే వైశాల్యం తగ్గుతుంది. నేరుగా తినే వేరుశనగలో బి1 కిలోకు 2 మైక్రోగ్రాములు దాటకూడదని ఐరోపా నియమం. 2.1ని 1.9 చేయడానికి దురుద్దేశమే అక్కర్లేదు, కొనుగోలుదారు తొందర చాలు. చేత్తో జరిపిన గీతల గురించి అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీదారులు ఎందుకంత గుచ్చి గుచ్చి అడుగుతారో హైదరాబాద్ మందుల కంపెనీల కెమిస్టులకు తెలుసు.

కాబట్టి ఈసారి నా ఓటు యంత్రానికే. శాంపిలు ఎక్కించక ముందే గీత నియమం రాసిపెట్టాలి, అందరి సరుకుకూ అదే వాడాలి. కన్ను చూడొచ్చు, ప్రశ్నించొచ్చు. గీత మార్చితే మాత్రం కారణం రాసి సంతకం పెట్టాలి. శాంపిలు తీయడంలోనూ అంతే. పెద్ద లాటులో వంద చోట్ల తీసి 20 కిలోలు చేయమంటుంది ఐరోపా నిబంధన, నచ్చిన చోట కాదు.

ఆదోని, ఎమ్మిగనూరు వ్యాపారులకు ఒక మాట. రిపోర్టులో 'లేదు' అని ఉంటే ఎంత తక్కువ దాకా చూసి లేదన్నారో ఆ అంకె అడగండి. గ్రాఫు అడగండి. గీతను చేత్తో మార్చారా అని కూడా అడగండి.