బిరడా పేలిన సంగీతం

"ఉత్త కాలక్షేపం సంగీతం!" అని పెదవి విరిచేవాళ్ళు ఒక్కసారి కోపెన్‌హేగన్‌లోని టివోలీ తోటను తలుచుకోవాలి. 1843లో తెరిచిన ఆ వినోదవనంలో రంగులరాట్నంతోపాటు వాద్యబృందమూ మొదటినుంచీ ఉంది. దాని నాయకుడు లుంబ్యూ 1845లో కట్టిన 'షాంపేన్ గాలప్' సీసా బిరడా పేలిన చప్పుడుతో మొదలవుతుంది. ఆ తర్వాత గుర్రం దౌడే!

లోతు లేదంటారా? లేకపోవచ్చు. పట్టు మాత్రం ఉంది. ఆ తోటలోనే 1914 నాటి చెక్క రైలొకటి ఉంది. ఎత్తుమీంచి దూకుతుంటే ప్రాణం గొంతులోకొస్తుంది. అయినా బ్రేకు పట్టుకుని ఒక మనిషి మనతోపాటే కూర్చుంటాడు. లుంబ్యూ బాణీలోనూ అలాంటి చెయ్యి ఒకటుంది. ఎంత వేగమెత్తినా తాళం తప్పనివ్వదు.

పిల్లలు రాట్నమెక్కితే సంచులు కాస్తూ బెంచీమీద కూర్చునే తల్లికి, రాట్నం టికెట్టు లేకుండా దక్కే ఊగుడు ఆ సంగీతమే. మనసును కాసేపు తేలిక చెయ్యడం తేలిక పనేం కాదండీ!