ఆమె ఇంకా చెప్పలేదు

రుద్రారంలో మా ఇంటి మేడ మీద ఒక గది ఉంది. 2021 చివర్లో ముగ్గురు అమ్మాయిలు అందులో అద్దెకి దిగారు. ముగ్గురూ పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి వెళ్ళేవాళ్ళు. షిఫ్టుని బట్టి ఒక వారం తెల్లవారకముందే హైవే మీద కంపెనీ బస్సు ఎక్కేవాళ్ళు, ఇంకో వారం బాగా రాత్రయ్యాక దిగేవాళ్ళు. ఆ ముగ్గురిలో చిన్నమ్మాయి ఇంటర్‌తో చదువు ఆపేసింది. ఒకరోజు సాయంత్రం మెట్ల మీద కూర్చుని, ఫోన్ చూస్తూ ఏడుస్తోంది. ఇంటి దగ్గర ఎవరికైనా ఏమైనా అయిందేమోనని కంగారు పడ్డాను.

"ఏం లేదు మేడమ్, బొమ్మల కథ," అంది చున్నీతో కళ్ళు తుడుచుకుంటూ. కాసేపాగి, "వాడు గట్ల జేసిండు మేడమ్. ఆమె ఇంకా ఎవ్వలికీ చెప్పలే," అంది.

వాడు అపోలో. ఆమె పర్సెఫనీ. గ్రీకు పురాణంలో పాతాళ రాజు హేడీస్ ఎత్తుకుపోయిన అమ్మాయి. న్యూజిలాండ్ చిత్రకారిణి రేచల్ స్మైత్ ఆ కథను 'లోర్ ఒలింపస్' అనే వెబ్ కామిక్‌గా మార్చి 2018 నుంచి 2024 దాకా వారం వారం గీసింది. ప్రపంచమంతటా లక్షలమంది చదివారు. కామిక్స్ రంగంలో పెద్దదైన ఐస్నర్ అవార్డు 2022లో మొదలుపెట్టి వరసగా మూడేళ్ళు వచ్చింది. ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్న సంగతులు. ఆ సాయంత్రం మాత్రం నాకు లోపల్లోపల నవ్వొచ్చింది. పన్నెండు గంటలు నిలబడి మందుపెట్టెలు సర్ది వచ్చిన పిల్ల, సగం సగం అర్థమయ్యే ఇంగ్లీషులో గులాబీ రంగు దేవకన్య కష్టాలు చదివి ఏడవడమేమిటి అనిపించింది.

ఈ నవ్వు నాకు కొత్తది కాదు. చిన్నప్పుడు తెనాలిలో మా అమ్మని చూసి కూడా ఇలాగే నవ్వేదాన్ని. అరవైల్లో 'జ్యోతి' మాసపత్రికలో యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' సీరియల్‌గా వచ్చినప్పుడు అమ్మ ఇంకా పెళ్ళికాని పిల్ల. నెలనెలా ఆ పేజీలు జాగ్రత్తగా చింపి, దాచి, చివర్న అట్ట వేయించి కుట్టించుకుంది. ఆ పుస్తకం ఆమెతోపాటు అత్తారింటికి వచ్చింది. 1976లో సినిమాగా వచ్చినప్పుడు వాణిశ్రీ జయంతిలా లేదని మా నాన్నతో వాదించిందట. ఎన్నడూ చూడని మనిషి ఎలా ఉంటుందో అమ్మకి అంత కచ్చితంగా తెలుసు! నేను యూనివర్సిటీలో చేరి నాలుగు పుస్తకాలు చదివాక ఆ కుట్టు పుస్తకాన్ని పట్టుకుని 'పలాయన సాహిత్యం' అని అమ్మకి పాఠం చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. పుస్తకం తీసుకుని బీరువాలో పెట్టుకుంది.

ఇప్పుడు ఆ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే విస్తుపోతాను. జయంతి రాజశేఖరం దగ్గర ఉద్యోగం చేస్తుంది. పర్సెఫనీ హేడీస్ సంస్థలో ఇంటర్న్‌గా చేరుతుంది. ఇద్దరు మగవాళ్ళూ ధనవంతులు, ఒంటరివాళ్ళు, పైకి కఠినులు. ఉద్యోగం ఇచ్చినవాడే ప్రియుడవుతాడు. లోర్ ఒలింపస్‌లో ఆమెకు పంతొమ్మిదేళ్ళు, అతనికి రెండు వేల ఏళ్ళు. దేవతల లెక్కలు వేరని సరిపెట్టుకున్నా, అధికారంలో ఉన్న తేడా దాగదు. స్త్రీవాద విమర్శ ఇక్కడ వేలెత్తి చూపించాల్సిందే. నేనూ చూపిస్తాను. పనిచోట అధికారాన్ని ప్రేమగా అనువదించే కథలు ఆడవాళ్ళకి చాలా ఖరీదైనవి.

అయితే ఆ మాట అన్నంత మాత్రాన మన పని అయిపోయినట్టేనా? పాఠకురాలు ఎందుకు ఏడ్చిందన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది. ఆ అమ్మాయి హేడీస్ కోసం ఏడవలేదు. అతని గురించి నాతో ఎప్పుడూ పెద్దగా మాట్లాడనే లేదు. "ఆమె ఇంకా చెప్పలే" అన్నదే ఆమె దుఃఖం.

కథలో జరిగింది ఇది. తల్లి డిమీటర్ కట్టుబాట్ల మధ్య పెరిగిన పర్సెఫనీ చదువు కోసం నగరానికి వస్తుంది. స్నేహితురాలి ఇంట్లో ఉంటుంది. ఆ స్నేహితురాలి అన్నదమ్ముడే అపోలో. అతను ఆమె మీద అత్యాచారం చేస్తాడు, ఫోటోలు కూడా తీస్తాడు. ఆమె దానికి వెంటనే పేరు పెట్టలేదు. తన తప్పేనేమో అనుకుంటుంది, నవ్వుతుంది, తరగతులకి వెళుతుంది. మొదట ఒక స్నేహితుడికి చెబుతుంది. ప్రేమించిన మనిషికి చెప్పడానికి మరెన్నో భాగాలు పడుతుంది. నవలలో అయితే ఈ మౌనం ఒక అధ్యాయం, సినిమాలో పది నిమిషాలు. వారానికొక భాగంగా వచ్చే కథలో అది నెలలకు నెలలు. పాఠకురాలు పనికి వెళ్ళి వస్తుంది, వండుకుంటుంది, నెల జీతంలో కొంత ఇంటికి పంపుతుంది. ఆ రోజుల్లో ఎక్కడో పర్సెఫనీ ఇంకా చెప్పకుండానే ఉంటుంది. ఆమె మౌనమూ వీళ్ళ దినచర్యా ఒకే కాలంలో నడుస్తాయి.

ఈ అనుబంధానికి మూలం అక్కడే ఉందని నాకిప్పుడు అనిపిస్తోంది. పాత్ర మనలా ఉన్నందువల్ల మనం ప్రేమిస్తామని సాధారణంగా చెప్పుకుంటాం. గులాబీ రంగు ఒంటితో, కోపమొచ్చినా బెంగొచ్చినా జుట్టు బారెడు పెరిగిపోయే దేవకన్యకీ మెడచుట్టూ ఐడీ కార్డు తాడు వేసుకున్న మా పైగది పిల్లకీ పోలిక ఏముంది? కామిక్స్ గురించి రాసిన స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లోనే ఒక సంగతి గుర్తించాడు. ముఖాన్ని ఎంత తక్కువ గీతల్లో గీస్తే అంత ఎక్కువమంది అందులో తమని చూసుకుంటారని. ఫోటో ఒక్క మనిషిదే, నాలుగు గీతల ముఖం ఎవరిదైనా కావచ్చు. అది నిజమే. కానీ ముఖం ఖాళీగా ఉండడమొక్కటే సరిపోదు. కథలో మన కోసం కాలం కూడా ఖాళీగా ఉండాలి.

వెబ్ కామిక్ ఈ ఖాళీని చాలా తెలివిగా వాడుకుంటుంది. దానికి పేజీలు తిప్పడం లేదు. బొమ్మలు పైనుంచి కిందికి ఒక దారంలా దిగుతాయి. ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ మధ్య కొన్నిసార్లు ఏమీ ఉండదు, ఉత్త రంగు ఉంటుంది, చీకటి ఉంటుంది. బొటనవేలితో జరుపుతూ పోవాలి. ఆమె నోరు తెరవబోతుంది, కింద ఖాళీ, ఇంకా ఖాళీ, తర్వాత "ఏం లేదు" అన్న చిన్న మాట. ఆ ఖాళీలో ఎంతసేపు ఉండాలో నిర్ణయించేది పాఠకురాలి వేలు. నలుగురు పడుకునే గదిలో, బస్సు కిటికీ పక్కన, ముఖానికి జానెడు దూరంలో ఈ చదువు సాగుతుంది. 'సెక్రటరీ'ని అమ్మ పొయ్యి దగ్గర చదివిందంటే ఆమెకు దక్కిన ఏకాంతం అంతే కాబట్టి. జానిస్ రాడ్వే అనే పరిశోధకురాలు 1984లో వచ్చిన తన పుస్తకంలో అమెరికాలో రొమాన్సు నవలలు చదివే గృహిణులతో మాట్లాడి, కథ కంటే ముందు చదవడమనే పనే వాళ్ళకి ముఖ్యమని గుర్తించింది. పుస్తకం చేతిలో ఉన్నంతసేపూ వాళ్ళు ఎవరికీ అందుబాటులో ఉండరు. ఫోన్ చేతిలో ఉన్న పిల్లకీ అంతే.

మన విమర్శలో ఒక లోపం ఇక్కడే నాకు కనిపించింది. మనం కథలని ముగింపుల్ని బట్టి తూచాం. పెళ్ళితో ముగిస్తే పితృస్వామ్యం, ఇల్లు వదిలి వెళితే విముక్తి. 1987లో వచ్చిన ఓల్గా 'స్వేచ్ఛ'లో అరుణ తీసుకున్న నిర్ణయం గురించి మనం ఎన్ని సభల్లో మాట్లాడుకున్నాం! ఆ చర్చ అవసరమే. కానీ సీరియల్ పాఠకురాలు ముగింపులో బతకదు. ఆమె 'సశేషం'లో బతుకుతుంది. జయంతికి చివర్న పెళ్ళయింది కాబట్టి అమ్మ ఆ పేజీలు దాచుకోలేదేమో. ఒక ఆడపిల్ల ఉద్యోగం చేస్తూ, యజమానికి ఎదురు మాట్లాడుతూ, ఇంకా ఎవరికీ తలొగ్గకుండా ఉన్న ఆ నెలల్ని దాచుకుందేమో. ఈ సంగతి అమ్మనే అడగాల్సింది. యద్దనపూడి 2018లో పోయారు. అంతకు రెండేళ్ళ ముందే అమ్మ పోయింది.

పురాణాన్ని తిరగరాయడం మనకి కొత్త కాదు. 'విముక్త' కథల్లో ఓల్గా సీతని శూర్పణఖ దగ్గరికీ అహల్య దగ్గరికీ రేణుక దగ్గరికీ నడిపించింది. ఒకరి అనుభవం వింటూ ఇంకొకరు తమని తెలుసుకునే కథలవి. ఆ పుస్తకానికి 2015లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. స్మైత్ కూడా పురాణంలోని అపహరణని తీసేసి, పర్సెఫనీకి కోపాన్నీ కోరికనీ తప్పులనీ ఇచ్చింది. కానీ రెండింటికీ ఒక తేడా ఉంది. 'విముక్త'లో స్త్రీలు మాట్లాడతారు. మాటలు దొరికిన స్త్రీలు వాళ్ళు. పర్సెఫనీ మాటలు దొరకని చోట చాలాకాలం నిలబడి ఉంటుంది. మనం రాసిన పాత్రలు చాలావరకు చైతన్యం పొందాక మన దగ్గరికి వచ్చాయి. అంతకు ముందరి దీర్ఘమైన తికమకని ఓపిగ్గా రాసినవి తక్కువ. కొరియా చిత్రకారిణి యాంగీ 2018 నుంచి 2023 దాకా గీసిన 'ట్రూ బ్యూటీ' ఇలాంటి తికమక చుట్టూనే తిరుగుతుంది. మేకప్ లేని ముఖాన్ని ఎవరూ చూడకూడదని వణికే బడిపిల్ల కథ అది. మా కాలేజీ పిల్లలు ఆమె ఇద్దరు ప్రియుల్లో ఎవరు మేలని రెండు జట్లుగా కొట్లాడుకుంటారు. కానీ కాస్త కదిపితే ముఖం గురించే మాట్లాడతారు.

ఈ అనుబంధాన్ని అమాయకంగా మెచ్చుకోవాలని నా ఉద్దేశం కాదు. ఎదురుచూపు ఇప్పుడొక సరుకు. వచ్చే వారాల భాగాలు ఈరోజే చదవాలంటే డబ్బుపెట్టి నాణేలు కొనుక్కోమంటుంది యాప్. అత్యంత ఉత్కంఠ దగ్గర భాగం ఆగడం యాదృచ్ఛికం కాదు. అది పాత వారపత్రికలకీ తెలిసిన విద్యే, కాకపోతే అప్పుడు సంపాదకుడు పాఠకురాలి జేబులోకి ఇంత సూటిగా చెయ్యి పెట్టలేకపోయాడు. ప్యాకింగ్ కూలి మీద బతికే పిల్లలు నాణేలు కొనరు. వాళ్ళు ఎదురుచూస్తారు. కథతో ఎక్కువకాలం కలిసి బతికేది కూడా వాళ్ళేనేమో.

అసలు చెప్పాల్సింది ఇంకా చెప్పలేదు.

ఆ అమ్మాయి తర్వాత కొన్ని నెలలపాటు ఆదివారాలు కిందికొచ్చి, టీ తాగుతూ నాకు పర్సెఫనీ కథ చెప్పేది. ఇంగ్లీషు మాటలకి అర్థాలడిగేది. ఒకసారి, "ఫోటోలు తీసిండు గదా మేడమ్, ఆమె చెప్తే ఎవరన్న నమ్ముతరా?" అని అడిగింది. ఇంకోసారి, "ఆమె గట్టిగ ఒద్దనలేదు గదా, మరి గది తప్పేనా?" అంది. నేను ఆ రెండో ప్రశ్నకి పాఠం చెప్పాను. సమ్మతి అంటే ఏమిటో చెప్పాను. ఊపులో, ఆ నీలంరంగు దేవుడు కూడా పై అధికారేనని, ఇలాంటి కథలు ఆడపిల్లల్ని మభ్యపెడతాయని కూడా చెప్పాను. ఒక్క అక్షరం అబద్ధం చెప్పలేదు. ఆమె "అట్లనా మేడమ్" అని గ్లాసు కడిగిపెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కథ కిందికి రాలేదు.

2023 దసరాకి ఊరెళ్ళి, మళ్ళీ రాలేదు. సామాను తీసుకెళ్ళడానికి వాళ్ళ నాన్న వచ్చాడు. మిగతా ఇద్దర్నీ అడిగితే, "ఆడ సూపర్‌వైజర్ తోని పడలే మేడమ్," అన్నారు, నా వైపు చూడకుండా. అంతకు మించి నాకేమీ తెలియదు. జరగనిది ఊహించి ఆమె మీద రుద్దే హక్కు నాకు లేదు. నిజంగా ఆమె పర్సెఫనీ గురించే అడిగిందేమో. కానీ పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం గురించి ఏటా క్లాసులో చెప్పే నేను, "నువ్వు ఎందుకు అడుగుతున్నావమ్మా?" అనే ఒక్క మాట అనలేదు.

మన గురించి మనం చెప్పుకోలేని మాటని ఇంకొకామె గురించి చెప్పవచ్చు. పాత్ర చేసే పని అది. దాని పేరు అడ్డుపెట్టుకుని ఏడవవచ్చు, అడగవచ్చు, ఎవరైనా నమ్ముతారేమో కనిపెట్టి చూడవచ్చు. 1956లో హోర్టన్, వోల్ అనే సామాజిక శాస్త్రవేత్తలు టీవీలో కనిపించే మనుషులతో ప్రేక్షకులు పెంచుకునే బంధం ఏకపక్షమన్నారు. ఆమె పర్సెఫనీని ప్రేమించింది, పర్సెఫనీకి ఆమె ఎవరో తెలియదు, నిజమే. కానీ ఆ బంధంలో మూడో మనిషి కూడా ఉంటుంది, పక్కన కూర్చుని కథ వినే మనిషి. ఆ మూడో కుర్చీలో నేను విమర్శకురాలిగా కూర్చున్నాను.

2024లో లోర్ ఒలింపస్ అయిపోయాక మొదటినుంచీ చదివాను. ముగింపు మీద నాకు అభ్యంతరాలున్నాయి, అవి ఇంకెప్పుడైనా రాస్తాను. ఒక భాగం దగ్గర మాత్రం ఆగిపోయాను. ఆమె చెప్పబోయి, "ఏం లేదు" అంటుంది. కింద చాలాసేపు ఖాళీ. నా వేలు అక్కడే ఆగింది.

ఇప్పుడు మా కాలేజీ పిల్లలు బస్సులో ఫోన్లలో తలలు దూర్చి కనిపిస్తే, ఏ కథ, ఎవరు రాశారు, మంచిదేనా అని అడగడం మానేశాను. పక్కన చోటుంటే కూర్చుంటాను. "ఆమె ఇప్పుడు ఎక్కడుంది?" అని అడుగుతాను. చెబుతారు, వింటాను. పాశమైలారం చౌరస్తా దాటి పటాన్‌చెరు వచ్చేదాకా వింటాను.