కుక్క చూపు తోడేలుకు రాదు

భీమిలి బీచ్‌రోడ్డులో పొద్దున్నే కుక్కల్ని తిప్పే కుర్రాళ్లు పెరిగారు. సంతోషమే. కానీ ఈమధ్య వాళ్లు అడుగుతున్న మాట నన్ను కలవరపెడుతోంది: "మాస్టారూ, తోడేలు రక్తం ఉన్న పిల్ల ఎక్కడైనా దొరుకుతుందా?" 2025లో బెంగళూరులో ఒకాయన 50 కోట్లు పోసి తోడేలు-కుక్క సంకరాన్ని కొన్నానని చెప్పుకున్నాడు. ఈడీ సోదాల్లో అది వట్టి మాటేనని తేలింది. అబద్ధం బయటపడినా, అది రేపిన మోజు చల్లారలేదు.

కుక్కలకు మాట వినడం నేర్పే పని నాది. ఆ పనంతా ఒక్క చూపు మీద నిలబడి ఉంది. బంతి మంచం కిందకి పోతే కుక్క మన మొహంలోకి చూస్తుంది. బుడాపెస్ట్ శాస్త్రవేత్తలు మనుషుల చేతుల్లో పెరిగిన తోడేళ్లకూ, కుక్కలకూ అందని చోట తిండి పెట్టి చూశారు. కుక్కలు కాసేపు పెనుగులాడి పక్కనున్న మనిషివైపు తిరిగాయి. తోడేళ్లు మాత్రం తమ పాట్లేవో తామే పడ్డాయి. 2003లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. చేతుల్లో పెంచినంత మాత్రాన ఆ చూపు రాదు. వేల ఏళ్లు మనతో బతికి కుక్క సంపాదించుకున్న గుణం అది.

తోడేలు పిల్ల రెండు వారాలకే, కళ్లూ చెవులూ పనిచేయకముందే, వాసన పట్టుకుని తిరగడం మొదలుపెడుతుంది. కుక్కపిల్ల నాలుగు వారాలకు, చూస్తూ వింటూ బయటికొస్తుంది. అందుకే తోడేలును మచ్చిక చేసే గడువు ముందే మొదలై ముందే ముగుస్తుంది. ఆ తర్వాత ఎదురయ్యే కొత్త చప్పుడూ, కొత్త మనిషీ దానికి భయమే. సంకరంలోనైతే ఏ పిల్లకు ఎవరి గుణం వస్తుందో ముందుగా చెప్పలేం. అమెరికాలో ఈ సంకరాలకంటూ ఆమోదం పొందిన రేబిస్ టీకా కూడా లేదు.

తలుపులూ తాళాలూ శిక్షణా ఉన్న విశాఖ జూలోనే 2023 నవంబరులో ఎలుగుబంటి దాడికి ఒక యువ కీపరు బలయ్యాడు. మన పెరటిగోడ ఏపాటిది? పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో తోడేలు ఉంది. దాన్ని అక్రమంగా పట్టి ఉంచితే కనీసం మూడేళ్ల జైలు.

కుర్రాళ్లూ, తోడేలును చూడాలనుంటే జూకు వెళ్లండి. పెంచాలనుంటే మన వీధిలో పుట్టిన పిల్లను తెచ్చుకోండి, టీకా వేయించండి, రోజూ దానికి సమయమివ్వండి. కష్టమొస్తే మీవైపు తిరిగి చూసే ప్రాణి ఇంట్లో ఉండగా, ఆ గుణం లేని ప్రాణికోసం డబ్బు పోసి, ఇంట్లో పసిపిల్లల్ని ప్రమాదంలోకి నెట్టకండి.