సెల్ఫ్ అందుకోని ట్రాక్టరు

పూర్తిగా చెడిపోయిన బండితో పెద్ద చిక్కు లేదు. వెతికితే లోపం దొరుకుతుంది. పొద్దున్న ఒక్క సెల్ఫుకే అందుకుని, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఉలకని పలకని ట్రాక్టరే మనిషిని ఏడిపిస్తుంది. కబురు పెడితే మెకానిక్ వచ్చేసరికి మళ్లీ బుద్ధిగా స్టార్టవుతుంది. ఇక ఆయన ఏం చూస్తాడు, ఏం బాగుచేస్తాడు?

మాది పాతికేళ్లు దాటిన 35 హార్స్‌పవర్ బండి. ఇంజను ఇప్పటికీ గట్టిదే. పోయిన సార్వా దమ్ముల్లో దానికి ఈ రోగం పట్టుకుంది. "ఆపితే మళ్లీ అందుకుంటదో లేదోనండీ" అంటూ డ్రైవరు అన్నానికి కూర్చున్నా ఇంజను ఆపేవాడు కాదు. అతని భయమూ నిజమే. కేజీ వీల్స్ వేసుకుని బురదలో దిగబడి ఉన్న బండిని తోసి స్టార్ట్ చేయడం ఎవరి తరం? గట్టు మీద మనుషులు తింటుంటే చేలో డీజిలు ఊరికే కాలిపోయేది.

ఇలాంటప్పుడు ఊళ్లో ఎవరినడిగినా బ్యాటరీ మార్చేయమంటారు. మార్చాక కొన్నాళ్లు బాగానే ఉంటుంది. తర్వాత సెల్ఫ్ మోటారు విప్పించి కార్బన్లు మారుస్తారు, బుష్‌లు వేయిస్తారు. వేలకు వేలు పోతాయి, రోగం ఎక్కడిదక్కడే ఉంటుంది. కొలవకుండా ఏ సామానూ కొనకూడదన్నది నా గట్టి నమ్మకం. కొలవడానికి కొద్ది వందల రూపాయల మల్టీమీటరు చాలు.

మీటరు కన్నా ముందు చెవి పెట్టాలి. తాళం తిప్పితే ఏ చప్పుడూ లేకపోతే కరెంటు సోలినాయిడ్ దాకా రావట్లేదన్నమాట. తాళం స్విచ్చి, ఫ్యూజు, న్యూట్రల్ స్విచ్చి చూసుకోవాలి. టకటకమని వరసగా కొట్టుకుంటే బ్యాటరీ నీరసించి ఉంటుంది, లేదా ఏదో బిగింపు వదులై ఉంటుంది. ఒక్కసారి టక్కుమని ఊరుకుంటే సోలినాయిడ్ లోపలి రాగి బిళ్ల కాలి గుంటలు పడి ఉండొచ్చు. మా బండి మాత్రం ఒక మూలుగు మూలిగి ఆగిపోయేది.

వాడకుండా ఉంచిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టే. ఆ అంకె ఒక్కటే చూసి దారంతా బాగుందనుకోకూడదు. వైరులో పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలినా అటు చివర మీటరు 12 చూపిస్తుంది, టెస్ట్ ల్యాంపూ వెలుగుతుంది. సెల్ఫ్ మోటారు లాగేది వందల ఆంపియర్లు. రెండొందల ఆంపియర్లు పారే దారిలో ఓమ్‌లో నూరో వంతు అడ్డు ఉన్నా రెండు వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. అందుకే సెల్ఫ్ కొడుతుండగానే కొలవాలి. అదీ బండి మొరాయించే వేళ, ఇంజను వేడి మీద ఉన్నప్పుడు.

ఒక మధ్యాహ్నం బండి చేలోంచి గట్టెక్కగానే ఆపించాను. డ్రైవరు సీట్లోనే కూర్చుని, న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు వేసి, ఇంజను అందుకోకుండా స్టాప్ కేబుల్ లాగి పట్టుకున్నాడు. మీటరు వైరు ఒకటి బ్యాటరీ ప్లస్ వైపు సీసపు మొన మీదే ఆనించాను. క్లాంపు మీద పెడితే క్లాంపుకీ మొనకీ మధ్య ఉన్న లోపం బయటపడదు. రెండో వైరు సెల్ఫ్ మోటారు బోల్టుకి. సెల్ఫ్ కొట్టమంటే 0.2 చూపించింది. అరవోల్టు దాటితే అనుమానించాలి, కాబట్టి ఆ దారి మంచిదే. తర్వాత మైనస్ మొనకీ సెల్ఫ్ మోటారు బాడీకీ మధ్య పెట్టాం. సున్నాకి దగ్గరగా ఉండాల్సిన చోట 2.1. దొంగ ఎర్త్ దారిలో ఉన్నాడు.

ఎర్త్ వైరు ఛాసిస్‌కి బిగించిన బోల్టు తాకితే చుర్రుమంది. రెండు వోల్టులు, రెండొందల ఆంపియర్లు అంటే నాలుగొందల వాట్ల వేడి ఆ కాస్త చోటులోనే పుడుతోంది. బ్యాటరీ మైనస్ ముందే తీసేసి బోల్టు విప్పాం. కింద ఎప్పుడో వేయించిన పెయింటు పొర, దాని మీద తుప్పు పొడి, వైరు లగ్గు నల్లగా మాడి ఉంది. లగ్గు పక్కన తొడుగు చీలిస్తే లోపల రాగి ఆకుపచ్చగా పొడి రాలింది. ఏళ్ల తరబడి దమ్ము నీళ్లు, ఎరువులు తగిలిన వైరు అది. రాత్రంతా చల్లారాక బండి ఆ కాస్త సందుతోనే నెట్టుకొచ్చేది. వేడికి రాగి తీగలో అడ్డు పది డిగ్రీలకు సుమారు 4 శాతం పెరుగుతుంది. మధ్యాహ్నానికి మోటారు చుట్లు, ఈ బిగింపు, అన్నీ వేడెక్కి చతికిలపడేది. ఎమరీ పేపరుతో ఇనుము మెరిసేదాకా రుద్ది, కొత్త ఎర్త్ వైరు బిగించి, పైన వ్యాజ్‌లైను పూశాం. మళ్లీ కొలిస్తే 0.1. పాత బ్యాటరీయే ఇప్పటికీ పనిచేస్తోంది.

ఇదంతా డబ్బు సంగతి. నన్ను భయపెట్టేది వేరే ఉంది. సెల్ఫ్ అందుకోకపోతే కింద నిలబడి స్క్రూడ్రైవరుతో సోలినాయిడ్ బోల్టులు రెండూ కలిపేయడం మన ఊళ్లలో మామూలైపోయింది. రవ్వలు లేస్తాయి, ఇంజను అందుకుంటుంది. గేరులో ఉంటే బండి ఆ క్షణమే కదులుతుంది. కలిపిన మనిషి నిలబడి ఉండేది వెనక చక్రం ముందు. న్యూట్రల్ స్విచ్చి పెట్టింది సరిగ్గా ఈ ప్రమాదం ఆపడానికే. స్క్రూడ్రైవరుతో కలిపితే ఆ స్విచ్చి ఉన్నా లేనట్టే. ఇంజను తిప్పే హ్యాండిల్ ఎదురు తన్ని చేతులు విరుగుతున్న రోజుల్లో చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ 1912 మోడల్ క్యాడిలాక్ కార్లతో వాడకంలోకి వచ్చింది. అది వచ్చాక మనిషి సీట్లో కూర్చునే ఇంజను స్టార్ట్ చేయగలిగాడు. స్క్రూడ్రైవరు అతన్ని మళ్లీ కిందికి దించుతోంది.

దమ్ములు మొదలయ్యేలోగా మీ బండి ఎర్త్ బోల్టు ఒకసారి విప్పి చూడండి. టూల్‌బాక్సులో సోలినాయిడ్ కలపడానికని పెట్టుకున్న స్క్రూడ్రైవరు ఉంటే ఇవాళే తీసేయండి. ఎంత తొందర పనైనా సరే, కింద నిలబడి ట్రాక్టరు స్టార్ట్ చేయకండి, మీ డ్రైవరునీ చేయనివ్వకండి.