రససిద్ధుడును మాంత్రిక నవలయు

మాంత్రిక కథలు బాలుర వినోదమునకే కాని విమర్శకు తగినవి కావను అభిప్రాయము మన విద్వల్లోకమున చిరకాలముగ నాటుకొనియున్నది. కాని కౌమారప్రాయులు ఆసక్తితో చదువు సాహిత్యమును విడిచిపెట్టిన విమర్శ సమగ్రము కాజాలదు. శక్తి యనగా నేమి, అది ఎవరికి తగును, ఎవరికి తగదు అను ప్రశ్నలను వారు మొట్టమొదట ఎదుర్కొనునది ఈ కథలయందే. కావున వీనిలో మాంత్రికుడు ఎట్లు చిత్రింపబడినాడో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

తెలుగున ఈ జాతి కథలకు కొరత లేదు. బాలనాగమ్మ కథలో మాయలఫకీరు బాలనాగమ్మను అపహరించి, ఆమె భర్తయగు కార్యవర్థిరాజును శిలగా మార్చును. కుమారుడైన బాలవర్థిరాజు ఫకీరు ప్రాణము చిలుకయందున్నదను రహస్యమును గ్రహించి వానిని పరిమార్చును. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడను యతి గోపుడను పసులకాపరి బాలునకు మజిలీ మజిలీకి కథ చెప్పుచు కాశికి నడచును. 1951లో వెలువడిన పాతాళభైరవి చిత్రమున నేపాళమాంత్రికుడు సాహసియగు యువకుని బలియిచ్చి సిద్ధిపొందగోరును. 1947 జూలైలో ఆరంభమైన చందమామ పత్రికయందు దాసరి సుబ్రహ్మణ్యము తోకచుక్క (1954) మొదలుకొని పెక్కు మాంత్రిక ధారావాహికలు రచించి రెండు మూడు తరముల బాలురను అలరించెను.

ఈ కథలలో అధికభాగమునకు సామాన్యమైన లక్షణ మొకటి కలదు. మాంత్రికుడు పరాయివాడు, ఊరి వెలుపల, అడవిలోనో గుహలోనో వసించువాడు, వికృతవేషధారి. వాని చావుతో లోకమునకు సుఖము కలుగును. తోకచుక్కలో ఏకాక్షి, చతుర్నేత్రుల వైరమున రెండవవాడు సమరసేనునకు తోడ్పడుట వంటి మినహాయింపులు లేకపోలేదు. కాని నాయకుడు ధైర్యముచేతను యుక్తిచేతను గెలుచునే గాని తాను మంత్రవిద్యార్థి యగుట అరుదు. శక్తి ఎల్లప్పుడును ఎదుటివానిదే.

ఆంగ్లమున నేటి యువపాఠకుల మాంత్రిక నవల వేరు మార్గము పట్టినది. 1968లో అర్సులా లెగ్విన్ రచించిన ఎర్త్‌సీ నవలలో బాలుడే మంత్రవిద్య నేర్చును. గర్వముచే ఒక ఛాయను లోకముమీదికి విడిచి, తుదకు దానిని తన పేరుతోనే పిలిచి తనలో కలుపుకొనును. 1997 మొదలు 2007 వరకు ఏడు సంపుటములుగా వెలువడిన రోలింగ్ హ్యారీ పోటర్ నవలలకు పాఠశాలయే రంగస్థలము. ఇచట శక్తి నాయకునిలోనే ఉన్నది; దానిని వినియోగించుటలోని తప్పొప్పులే కథ. అయినను లోపము లేదనరాదు. రోలింగ్ లోకమున మంత్రశక్తి పుట్టుకతో వచ్చునది. రక్తశుద్ధివాదమును రచయిత్రి ఖండించిన మాట నిజమే కాని, ఆ శక్తి లేని సామాన్యులు ఎక్కువగా పరిహాసపాత్రులుగానే మిగిలిరి. పుట్టుకచే కలుగు ఆధిక్యమును ఎరిగిన మన సమాజపు ఉపాధ్యాయుడు దీనిని విద్యార్థులకు చూపకుండ దాటరాదు.

మంత్రకథలు మూఢవిశ్వాసములను పెంచునను ఆక్షేపణ మన ప్రాంతమున తేలికగ త్రోసివేయదగినది కాదు. చేతబడి, బాణామతి అను అనుమానముతో అమాయకులను హింసించుట, చంపుట తెలంగాణ పల్లెలలో జరిగినవే. అయితే దోషము మంత్రమును వర్ణించుటయందు లేదు. మాంత్రికుని చంపుటే మంగళమని మరల మరల చెప్పుటయందు కలదు. అట్టి కథను వంద పర్యాయములు చదివిన బాలునకు, ఊరిచివర ఒంటరిగా బ్రతుకు ముదుసలిపై అనుమానము కలుగుట సులభము.

ఇందుకు విరుగుడు గద్వాల చేరువనే ఉన్నది. తుంగభద్రాతీరమందలి అలంపురము శ్రీశైలమునకు పశ్చిమద్వారము. నాగర్‌కర్నూలు జిల్లాలోని ఉమామహేశ్వరము ఉత్తరద్వారము. నిత్యనాథసిద్ధుని రసరత్నాకరము శ్రీశైల పరిసరములను సిద్ధిస్థానములుగ వర్ణించినది. అలంపుర స్థలపురాణము ప్రకారము హీనలోహమును బంగారముగ మార్చగల రససిద్ధుడు నవబ్రహ్మాలయములను నిర్మించెను. ఆ రహస్యము చెప్పుమని విలసద్రాజు నిర్బంధించెను. సిద్ధుడు నిరాకరింపగా చంపించెను. ఆ ఆలయములు క్రీ.శ. 7, 8 శతాబ్దుల బాదామి చాళుక్యుల నిర్మాణములని చరిత్ర చెప్పును. ఐతిహ్యమును చరిత్రగా గ్రహింపరాదు. కాని కథగా దాని విలువ తగ్గదు. ఇందు విద్య గలవాడు నిర్మాత, దానిని అపహరింపగోరినవాడే క్రూరుడు. మాయలఫకీరు కథ ఇచట తలక్రిందులైనది.

రోలింగ్ తొలి నవలలోని వస్తువును పరుసవేదియే. దానిని వాడుకొనగోరక కనుగొనదలచిన బాలునకే అది చేజిక్కును. అలంపుర సిద్ధుడు రాజునకు నిరాకరించినదియు అట్టి లోభమునకు లోబడు శక్తినే. లోకపు రెండు కొనలయందు పుట్టిన ఈ రెండు కథలు ఒకే ధర్మమును పలుకుచున్నవి. అయినను గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు విద్యార్థి ఆంగ్లకథను ఎరిగి అలంపుర కథను ఎరుగకుండుట శోచనీయము.

పరదేశపు పాఠశాలను, చీపురుకట్టలను తెలుగుపేళ్లతో దింపినంతమాత్రమున తెలుగు మాంత్రిక నవల పుట్టదు. రససిద్ధుని శిష్యుడగు ఒక బాలుడు, గురువధకు సాక్షియై, రాజువలె అడుగవలెనా గురువువలె నిరాకరింపవలెనా అను సంకటమున పడినచో, అది మన నేలపై మొలచిన నవల యగును. అట్టి రచనకు సామగ్రి సేకరించుట, స్థలపురాణములను మాంత్రికపాత్రల దృష్టితో పునఃపరిశీలించుట పరిశోధక విద్యార్థులు చేపట్టదగిన పని. అందుకు అలంపురమే తొలి మజిలీ కాదగును.