మురుక్కాలవల్లో మ్యూటెంట్లు

దళిత సంకలనంలో కార్టూన్ల మీద వ్యాసమేంటని అడిగినోళ్లున్నారు. రామాయణం మీద మాట్లాడొచ్చట, సినిమాల మీద మాట్లాడొచ్చట. మన పిల్లలు రాత్రిళ్లు దుప్పటి కప్పుకొని సెల్‌ఫోన్లో చూసే బొమ్మల కథల మీద మాత్రం మాట్లాడకూడదు. ఎందుకు? శంబూకుడి తల ఎందుకు తెగిందని అడిగిన నోటితోనే జెనోషా ఎందుకు తగలబడిందని కూడా నేను అడుగుతాను. ఇరవయ్యేళ్లుగా నేను ఎక్స్-మెన్ అభిమానిని. ఆ కథల్ని ప్రేమించాను గనకనే వాటితో పేచీ పెట్టుకుంటున్నాను.

ఆ ప్రేమ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద మొదలైంది. హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో, ఆదివారం పాత పుస్తకాల గుట్టల్లో దేవులాడి అట్టలూడిన ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు పదికీ పదిహేనుకీ తెచ్చుకునేవాణ్ణి. నాకు ఇంగ్లీషు ముక్క రాదని క్లాసులో నవ్వేవోళ్లు. నాకు ఇంగ్లీషు నేర్పింది పంతుళ్లు కాదు, వుల్వరిన్, స్టార్మ్. వాళ్ల నోటి దగ్గర బుడగల్లో ఉన్న అక్షరాల్ని కూడబలుక్కుంటూ చదివాను. పుట్టుకతోనే వేరుగా ఉన్నారని, లోకం వాళ్లని వెలివేసిందని, ఆ వెలివేతలోనే వాళ్లొక గుంపు కట్టారని అర్థమయ్యేసరికి ఇంకేం కావాలి? అది మా పేట కథే అనుకున్నాను.

తెలియనివోళ్ల కోసం నాలుగు ముక్కలు. ఎక్స్-మెన్‌ని 1963లో స్టాన్ లీ, జాక్ కిర్బీ సృష్టించారు. ఇద్దరూ న్యూయార్క్‌లో పేద యూదు వలస కుటుంబాల్లో పుట్టినోళ్లు. స్టాన్ లీ అసలు పేరు స్టాన్లీ లీబర్, కిర్బీ అసలు పేరు జేకబ్ కర్ట్‌జ్‌బర్గ్. ఇంటిపేరు చెప్తే పుట్టుక బయటపడే దేశంలో వాళ్లు పేర్లు మార్చుకున్నారు. ఇల్లు అద్దెకిచ్చే ముందు "మీ ఇంటిపేరేంటి? ఏ ఊరు? ఊళ్లో ఏ వీధి?" అని మూడు ప్రశ్నల్లో కులం లాగేసే దేశంలో బతికే మనకి ఆ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. అట్టాంటి ఇద్దరి చేతుల్లోంచి వచ్చిన మనుషులే ఈ మ్యూటెంట్లు. పుట్టుకలోనే ఏదో మార్పుతో, ఏదో ఒక వింత శక్తితో పుట్టినోళ్లు. వాళ్లలో ప్రొఫెసర్ జేవియర్ మనుషులతో కలిసి బతుకుదామంటాడు. నాజీల ఆష్‌విట్జ్ శిబిరంలోంచి బతికి బయటపడ్డ మాగ్నెటో, ఆ కలయిక మీద నమ్మకం లేదంటాడు.

ఈ కథల మీద 1992 నుంచి 1997 దాకా అమెరికా టీవీలో ఒక కార్టూన్ సీరియల్ నడిచింది. అది ఆగిన చోటునుంచే మళ్లీ ఎత్తుకొని 2024 మార్చి 20 నుంచి మే 15 వరకు పది భాగాలుగా 'ఎక్స్-మెన్ 97' విడుదల చేశారు. మన దేశంలో అప్పటి డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో వచ్చింది. జేవియర్ చనిపోయాడని అందరూ నమ్ముతున్నారు. ఆయన వీలునామా ప్రకారం ఆ బడి, ఆ బలగం మాగ్నెటో చేతికొస్తాయి. జీవితమంతా శత్రువనుకున్న మనిషి పెద్దదిక్కై కూర్చుంటాడు. కథ ఎత్తుగడ బ్రహ్మాండంగా ఉంది. బొమ్మలు పాతకాలం వాటిలాగే ఉన్నా కదలికల్లో కొత్త వాడి ఉంది. మధ్యలో వీడియో గేములో ఇరుక్కుపోయే సగం భాగమొకటుంది, దాన్ని దాటేసినా నష్టం లేదు.

అసలు సంగతి ఐదో భాగం. అందులో జెనోషా అనే దీవి ఉంది. పాత సీరియల్లో అదే జెనోషాలో మ్యూటెంట్ల మెడలకు పట్టీలు బిగించి, వాళ్ల చేత ఆనకట్ట కట్టించారు. బానిసల దీవి అది. కొత్త సీరియల్లో అదే దీవి మ్యూటెంట్ల సొంత దేశమైంది. వీధుల్లో దీపాలు, పాటలు, డాన్సులు. మొహం దాచుకోవాల్సిన పని లేకుండా అన్ని ఆకారాల మనుషులూ రోడ్డు మీద తిరుగుతుంటారు. నేను ఆ దృశ్యాన్ని ఆపి ఆపి చూశాను. 1942లో నాగపూర్‌లో జరిగిన షెడ్యూల్డ్ కులాల మహాసభలో అంబేడ్కర్ నాయకత్వంలో మనవాళ్లు వేరే ఊళ్లు కావాలని తీర్మానించారు. ఊరికి దూరంగా విసిరేసిన వెలివాడలు కాదు, మనవే అయిన ఊళ్లు. ఆ కోరిక ఎవరూ తీర్చలేదు. తీరితే ఎట్టా ఉంటుందో తెర మీద ఒక పది నిమిషాలు చూశాను.

ఆ తర్వాత మూడు తలల రాక్షస యంత్రం దిగుతుంది. ఒక్క రాత్రిలో దీవి మొత్తం బూడిద. ఆ భాగం రాసిన బో డిమేయో నల్లజాతి రచయిత. 1921లో టల్సాలో తెల్లవాళ్లు నల్లవాళ్ల పేటను తగలబెట్టిన సంగతి తన మనసులో ఉందని ఆయనే చెప్పాడు. చూస్తున్న నాకు మాత్రం తుంగభద్ర కాలవ గుర్తొచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లని నరికి, గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ఎనిమిది మంది. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. జెనోషాని కూల్చినోళ్లని పట్టుకోడానికి ఎక్స్-మెన్ బయల్దేరుతుంటే, వీళ్లకి కనీసం శత్రువు దొరుకుతాడులే అనుకున్నాను.

ఇక్కడిదాకా నా అభిమానం. ఇక పేచీ.

మ్యూటెంట్లని మనుషులు ద్వేషించడానికి ఈ కథ ఒక కారణం చూపిస్తుంది. వాళ్ల కళ్లలోంచి కొండల్ని బద్దలుకొట్టే మంట వస్తుంది. వాళ్లు తల్చుకుంటే తుఫాన్లు పుడతాయి. భయపడేవాడి భయానికి కొంత అర్థముంది. రోగ్ అనే అమ్మాయి సంగతే తీసుకోండి. ఆమె ఒంటిని తాకితే ఎదుటివాళ్ల ప్రాణశక్తి ఆమెలోకి లాక్కుపోతుంది. అందుకే ఎప్పుడూ చేతులకి తొడుగులు వేసుకుంటుంది. గాంబిట్ చచ్చిపోయినప్పుడు అతన్ని ఒళ్లో పెట్టుకుంటుంది, అతన్నుంచి ఆమెకేమీ రాదు. అట్టా అతను పోయాడని తెలుస్తుంది. నేను చూసిన ఏ సినిమాలోనూ ముట్టుకోవడం మీద ఇంత బాధాకరమైన దృశ్యం లేదు. కానీ మిత్రులారా, మన స్పర్శలో ఏం ప్రమాదముంది? టీ కొట్లో మా నాన్నకి వేరే గ్లాసు పెట్టినవాడు ఏ శక్తికి భయపడి పెట్టాడు? కులం అనేది ఒంట్లో ఉండేది కాదనీ, మనిషి మనసులో నాటుకున్న భావననీ 1936లోనే 'కుల నిర్మూలన'లో అంబేడ్కర్ తేల్చారు. మ్యూటెంట్ల కథ మాత్రం తేడాని ఒంట్లోనే పెడుతుంది. అణిచివేతకి గురైనోళ్లందరికీ ఇది అద్దమని విమర్శకులు రాస్తుంటారు. నల్లవాళ్లకీ, యూదులకీ ఎంతవరకు అద్దమో వాళ్లే చెప్పాలి. మా వాడకి మాత్రం ఇది పగిలిన అద్దం.

పగలని ముక్క ఒకటుంది. దాన్ని ఎవరూ చేతిలోకి తీసుకోరు. మోర్లాకులు.

మోర్లాకులంటే మొహాలు, ఒళ్లు జనం చూడలేనట్టుండే మ్యూటెంట్లు. న్యూయార్క్ నగరం కింద మురుక్కాలవల సొరంగాల్లో బతుకుతారు. 1983లో కథల్లోకొచ్చారు. 1986లో అదే సొరంగాల్లో వాళ్లని వందలాదిగా ఊచకోత కోసినట్టు రాశారు. అంతకు ముందటేడే మనకి కారంచేడు. ఎక్స్-మెన్‌లో ఎక్కువ మంది అందగాళ్లు, అందగత్తెలు. జనంలో కలిసిపోగలరు. పైన పెద్ద బంగళా, దాని వెనక విమానం. కింద మురుగులో మోర్లాకులు. మ్యూటెంట్లలో కూడా మెట్లున్నాయన్నమాట. అంబేడ్కర్ శ్రేణీకృత అసమానత అన్నది దీన్నే. తమాషా ఏమంటే పాత కథలో మోర్లాకుల నాయకురాలు కాలిస్టోని స్టార్మ్ ఓడించి, వాళ్లకి తానే నాయకురాలవుతుంది. తిరిగి బంగళాకే వెళ్లిపోతుంది. రిజర్వుడు నియోజకవర్గాల నుంచి గెలిచి మళ్లీ పేటలో కనపడని నాయకులు మనకేం కొత్త కాదు.

ఈ సంగతి నాకింత గుచ్చుకోడానికి కారణముంది. మా చిన్నాన్న మాన్‌హోల్‌లోకి దిగి పోయాడు. నడుముకి తాడు కట్టారంతే. ముక్కుకి తువ్వాలు తప్ప ఇంకేమీ లేదు. ముందు దిగినవాడు పలకడం లేదని, వాణ్ణి పైకి లాగుదామని దిగాడు. మర్నాడు పేపర్లో కాంట్రాక్టరు పేరు వచ్చింది, వచ్చి చూసి వెళ్లిన ఆఫీసరు పేరు వచ్చింది. మా చిన్నాన్న "మరో కార్మికుడు". ఈ పనిని నిషేధిస్తూ 2013లో చట్టమొచ్చింది. 1993 నుంచి కాలవల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకి పది లక్షలివ్వాలని 2014లో సుప్రీం కోర్టు చెప్పింది. 2023లో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలు చేసింది. మా పిన్ని ఆ కాగితాలు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకొని ఏ ఆఫీసుకెళ్లినా, ఆయన పనిలో ఉన్నట్టు రుజువేదంటారు. ఈ సఫాయి బతుకుల మీద దేశమంతా తిరిగి లెక్కలు బయటపెట్టిన బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల కాలనీలో పుట్టిన మన తెలుగువాడే. 2016లో ఆయనకి మెగసెసే ఇచ్చారు. కాలవలు ఉన్నచోటే ఉన్నాయి.

ఇప్పుడు లీచ్ సంగతి. ఆకుపచ్చ ఒళ్లున్న మోర్లాకు పిల్లాడు. వాడి శక్తేమిటో తెలుసా? వాడు దగ్గరుంటే ఇంకెవరి శక్తీ పనిచెయ్యదు. వాడి పక్కన అందరూ ఒట్టి మనుషులే. పుట్టుకతో వచ్చిన గొప్పంతా రద్దు. అరవయ్యేళ్ల ఈ కథలన్నిట్లో ఇంతకంటే విప్లవాత్మకమైన ఆలోచన నాకు కనపడలేదు. మనం కోరేదే అది గదా! కానీ ఆ శక్తితో ఏం చెయ్యొచ్చో రచయితలు ఆలోచించినట్టు లేదు. వాడికిచ్చిన పని ఏడవడం, చావడం. జెనోషా కూలుతుంటే మాగ్నెటో వాణ్ణి దగ్గరికి తీసుకొని భయపడొద్దని జర్మన్ భాషలో చెప్తాడు. ఆష్‌విట్జ్ చూసినవాడి నోట ఆ భాష రావడం చూసి నేనూ కదిలిపోయాను. లీచ్ పోతాడు. మాగ్నెటో బతికే ఉన్నాడని తర్వాత తెలుస్తుంది. ఏడో భాగంలో గాంబిట్‌కి అంత్యక్రియలు జరుగుతాయి, కన్నీళ్లు, శవపేటిక అన్నీ ఉన్నాయి. గాంబిట్ మీద నాకు కోపం లేదు, మంచివాడు. సొరంగాల్లోంచి పైకొచ్చి, మొదటిసారి ఎండలో తిరిగి, అక్కడే బూడిదైన మోర్లాకుల పేర్లు చదివినవాడు మాత్రం లేడు.

చివరి మూడు భాగాలకి పెట్టిన పేరుకి, సహనం అంటేనే నాశనమని అర్థం. ఆ మాట మీద జేవియర్, మాగ్నెటో మళ్లీ తలపడతారు. జేవియర్‌ని గాంధీతో, మాగ్నెటోని అంబేడ్కర్‌తో పోల్చే విద్యార్థి మిత్రులున్నారు. ఆ పోలిక నేనొప్పుకోను. కోపమొచ్చి భూగోళమంతా కరెంటు ఆర్పేసిన మాగ్నెటో ఎక్కడ, ఓటు, చట్టం, చదువు చేతికిచ్చిన అంబేడ్కరెక్కడ? జేవియర్ గాంధీ అయితే అవ్వొచ్చు. మమ్మల్ని కాస్త సహించండని ఎదుటివాణ్ణి బతిమాలే రాజకీయం ఆయనది. సహించడమంటే పళ్ల బిగువున ఓర్చుకోవడం. మనల్నెవరూ ఓర్చుకోనక్కర్లేదు, కాలవలోకి దించడం మానేస్తే చాలు. ఆ ఇద్దరి వాదంలో ఎవరు నెగ్గినా బంగళాకి ఢోకా లేదు, సొరంగానికి దీపమూ లేదు. అందుకే నాకు ఆ ఆఖరి యుద్ధం ఎంత బాగా తీసినా సగమే ఎక్కింది.

ఆఖర్న, బూడిదైన జెనోషాలో అపోకలిప్స్ అనేవాడు గాంబిట్ పేకముక్కని నేలమీంచి ఏరుకుంటాడు. వాణ్ణి మళ్లీ తెస్తారని అభిమానులకి సైగ. తర్వాత సీజన్లోనూ మొదటి రోజే కూర్చుని చూస్తాను, వదల్లేను. అదే బూడిదలో ఇంకా ఎవరెవరు పడున్నారో ఆ ఆకుపచ్చ పిల్లాడితో మొదలుపెట్టి వెతుకుతాను.