చెరిపి రాయని లెక్క

ఇంజనీరింగ్ మొదటి ఏడాది సీ ల్యాబులో మా మేడమ్ బోర్డు మీద ‘ఎక్స్ = ఎక్స్ + 1’ అని రాయగానే వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వరా మరి? రెండు వైపులా ఎక్స్ కొట్టేస్తే 0 = 1 మిగులుతుంది. అలాంటి సమీకరణానికి సాధన లేదని హైస్కూల్లోనే నేర్చుకుని వచ్చాం. మేడమ్ విసుక్కోలేదు. “అది సమానం గుర్తు కాదమ్మా. ఎక్స్ అనే డబ్బాలో ఉన్నది తీసి, ఒకటి కలిపి, మళ్ళీ అదే డబ్బాలో వెయ్యమని అర్థం” అన్నారు. అందరం రాసుకున్నాం. సెమిస్టర్ అయ్యేసరికి ఆ నవ్వు ఎవరికీ గుర్తు లేదు.

ఆ నవ్వు పక్షాన నిలబడే చదువు ఒకటుంది. దాన్ని ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అంటారు. అందులో ఎక్స్ ఒకసారి 5 అయిందంటే ఆ లెక్క ముగిసేదాకా 5గానే ఉంటుంది. డబ్బాలు లేవు, చెరిపి రాయడం లేదు. ఉన్నవల్లా ప్రమేయాలు. ఒకటి ఇస్తే ఒకటి వస్తుంది, ఎన్నిసార్లు అదే ఇచ్చినా అదే వస్తుంది. అందుకని సమానం గుర్తు నిజంగానే సమానం. ఎడమవైపు ఉన్నదాన్ని ఎక్కడ చూసినా తీసేసి కుడివైపుది పెట్టుకోవచ్చు, ఆల్‌జీబ్రాలో చేసినట్టే.

మేం ఇంటర్ చదివిన రోజుల్లో లెక్కల 1ఎ పుస్తకంలో మొదటి పాఠం ప్రమేయాలు, రెండోది గణితానుగమనం. మొదటిదాన్ని నిర్వచనాల కోసం బట్టీ పట్టాం. రెండోదాన్ని 7 మార్కుల ప్రశ్న ఖాయమని సాధన చేశాం. ఆ రెండూ పక్కపక్కన ఎందుకున్నాయో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ ఇరుగుపొరుగుల మధ్య చుట్టరికం ఉందని నాకు తెలిసింది ఉద్యోగంలో చేరిన చాన్నాళ్ళకు.

ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ నిన్న మొన్న వచ్చిన ఫ్యాషన్ కాదు. ఎలక్ట్రానిక్ కంప్యూటర్లు పుట్టకముందే, 1930లలో, ప్రిన్స్‌టన్‌లో అలోంజో చర్చ్ లాంబ్డా కాల్‌క్యులస్‌ను తయారుచేశాడు. ప్రమేయాన్ని నిర్వచించడం, దాన్ని ప్రయోగించడం, ఆ రెండే అందులో ఉన్న పనిముట్లు. 1936లో అలన్ ట్యూరింగ్ టేపు మీద రాస్తూ చెరుపుతూ పోయే యంత్రాన్ని ఊహించాడు. రెండింటి శక్తీ ఒకటేనని తేలింది. ట్యూరింగ్ ఆ తర్వాత చర్చ్ దగ్గరే డాక్టరేట్ చేశాడు. మన కాలేజీలు మాత్రం శిష్యుడి టేపునే పట్టుకుని గురువుగారిని వదిలేశాయి. 1958లో ఎంఐటీలో జాన్ మెకార్తీ లిస్ప్ మొదలుపెట్టాడు. 1970లలో ఎడిన్‌బరోలో రాబిన్ మిల్నర్ బృందం ఎంఎల్ భాషను తెచ్చింది. హాస్కెల్ తొలి నిర్వచనం 1990లో వెలువడింది. వీటన్నిటికన్నా నాకు ముచ్చటగా అనిపించేది జాన్ బాకస్ సంగతి. ఫోర్‌ట్రాన్‌ను తయారుచేసిన బృందానికి నాయకుడాయన. 1977లో ట్యూరింగ్ అవార్డు తీసుకుంటూ, డబ్బాలో వేసి తీసే ఆ పద్ధతి నుంచే ప్రోగ్రామింగ్‌ను విడిపించాలని వాదించాడు. ఇల్లు కట్టిన మేస్త్రీయే గృహప్రవేశం నాడు గోడ వంకరగా ఉందని చెప్పినట్టు!

ఇక ఈ చదువు ఎలా సాగుతుందో చూద్దాం. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఫంక్షనల్ ప్రోగ్రామింగ్’ అనే కోర్సు ఉంది. నంబరు 15-150. భాష స్టాండర్డ్ ఎంఎల్. విద్యార్థి ప్రోగ్రామ్ రాస్తే సరిపోదు. అది సరైనదని నిరూపించాలి, ఎంత పని చేస్తుందో లెక్కకట్టాలి.

మొదట వచ్చే అనుమానం, లూపు లేకుండా ఒకే పని వందసార్లు ఎలా చేయించడం అని. జవాబు రికర్షన్. రాజుగారి ఏడుగురు కొడుకుల చేపల కథ విననివాళ్ళు మనలో ఉండరు. ఎండని చేప నెపం గడ్డిమోపు మీద పెడుతుంది, మోపు ఆవు మీద పెడుతుంది, అలా ఒకరి మీద నుంచి ఒకరి మీదికి పోయి చివరికి చీమ దగ్గర ఆగుతుంది. చీమ ఇంకొకరిని చూపించదు, తన జవాబు తానే చెబుతుంది. ఆ చీమే లేకపోతే కథకు తెల్లారదు. ప్రోగ్రామర్లు దాన్ని బేస్ కేస్ అంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మరిచిపోయేది ఎప్పుడూ ఆ చీమనే.

జాబితాలకైతే చీమ ఎవరో ముందే తెలుసు. జాబితా ఖాళీగానైనా ఉండాలి, లేదా ఒక తలా దాని వెనక మిగతా జాబితా అయినా ఉండాలి. మూడో రకం లేదు. ప్రోగ్రామూ ఆ రెండు ముక్కల్లోనే ఉంటుంది, దాన్ని నిరూపించే అనుగమనమూ ఆ రెండు ముక్కల్లోనే ఉంటుంది. ఒకటికి నిజం, ‘కె’కి నిజమైతే ‘కె+1’కి నిజం అని మనం వల్లించినది ఇక్కడ అక్కరకొస్తుంది.

ఒక ఉదాహరణ దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఈ చదువు రుచి అక్కడే ఉంది. జాబితాను తిరగెయ్యాలి. మొదటి పద్ధతి: ఖాళీ అయితే ఖాళీయే జవాబు. కాకపోతే మిగతాదాన్ని తిరగేసి, తలను తీసుకెళ్ళి చివర అతికించు. చూడ్డానికి చక్కగా ఉంది కానీ, చివర అతికించాలంటే ప్రతిసారీ ఆ చివరిదాకా నడవాలి. జాబితాలో 10,000 అంశాలుంటే ఆ నడక దాదాపు 5 కోట్ల అడుగులు. రెండో పద్ధతి పేకాటగాళ్ళకు తెలిసిందే. కట్టలో పై ముక్క తీసి పక్కన పెట్టు, తర్వాతి ముక్కను దాని మీద పెట్టు, అలా కానివ్వు. చేతిలో కట్ట అయిపోయేసరికి పక్కనున్నది తిరగబడిన కట్ట. పని 10,000 అడుగులతో సరి.

రెండూ ఒకే జవాబు ఇస్తాయా? మా ల్యాబులో అయితే మూడు ఇన్‌పుట్లు ఇచ్చి, అవుట్‌పుట్ రికార్డులో రాసి సంతకం పెట్టించుకునేవాళ్ళం. ఇక్కడ అది చెల్లదు. సరే, అనుగమనంతో నిరూపిద్దామని కూర్చుంటే మొదటి అడుగులోనే చిక్కు. ‘పక్కన ఏమీ లేకుండా మొదలుపెడితే రెండో పద్ధతి జాబితాను తిరగేస్తుంది’ అన్నది మన ప్రతిపాదన. ఒక్క ముక్క తీసి పక్కన పెట్టామో లేదో, పక్కన ఏమీ లేకపోవడమన్నది పోయింది. ఇక మిగతా జాబితాకు నిజమని అనుకున్న మన పరికల్పన పనికిరాదు. నేను ఇక్కడ రెండు సాయంత్రాలు కొట్టుకున్నాను. దారి ఏమిటంటే, చిన్న మాట వదిలేసి పెద్ద మాట నిరూపించాలి. ‘పక్కన ఏ కట్ట ఉన్నా సరే, చివరికి వచ్చేది తిరగేసిన జాబితా, దాని కింద ఆ కట్ట.’ జాబితా ఖాళీ అయితే వచ్చేది ఆ కట్టే, అది సరి. ఖాళీ కాకపోతే, ఇప్పుడు తలను తీసి కట్ట మీద పెట్టినా ఫరవాలేదు, పరికల్పన ఏ కట్టకైనా వర్తిస్తుంది. పరికల్పన ప్రకారం, మిగతా జాబితా తిరగబడి పైన ఉంటుంది, దాని కింద తల, ఆ కింద పాత కట్ట. పైనున్న రెండూ కలిస్తే మొత్తం జాబితా తిరగబడినట్టే. అయిపోయింది, నాలుగు వాక్యాలు. పక్కన ఖాళీ కట్ట పెట్టుకుంటే మనకు మొదట కావలసిందీ వచ్చేసింది. చిన్న మాట మొండికేసిన చోట పెద్ద మాట ఎలా లొంగిందో ఒక్కసారి చూసినవాళ్ళు దాన్ని మరిచిపోలేరు.

మరో మెళకువ, ప్రమేయాలనే ఇతర ప్రమేయాలకు సరుకుగా ఇవ్వడం. జాబితాలో అంకెలు కూడే ప్రోగ్రామూ, హెచ్చవేసే ప్రోగ్రామూ రాసి పక్కపక్కన పెడితే రెండు చోట్లే తేడా. ఒకదాంట్లో మొదలు 0, పని కూడిక. రెండోదాంట్లో మొదలు 1, పని గుణకారం. (రెండోదీ 0తో మొదలుపెట్టి, జవాబు ఎప్పుడూ 0 ఎందుకొస్తోందని తల పట్టుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.) ఆ రెండు తేడాలనూ బయటికి తీసేస్తే మిగిలే చట్రం పేరు ఫోల్డ్. ప్రతి అంశం మీదా ఒకే పని చేయించేది మ్యాప్, కావలసినవాటిని ఏరేది ఫిల్టర్. 2004లో జెఫ్రీ డీన్, సంజయ్ ఘెమావత్ గూగుల్‌లోని మ్యాప్‌రెడ్యూస్ వ్యవస్థను ప్రకటిస్తూ, ఆలోచన లిస్ప్ లాంటి ఫంక్షనల్ భాషల్లోని మ్యాప్, రెడ్యూస్‌ల (రెడ్యూస్ అంటే ఫోల్డే) నుంచి వచ్చిందని రాశారు. హడూప్ దాన్ని అనుసరించింది. తర్వాత వచ్చిన స్పార్క్‌ను ఫంక్షనల్ శైలికి చోటున్న స్కాలా భాషలోనే రాశారు. హైదరాబాద్ అమీర్‌పేటలో హడూప్, స్పార్క్ శిక్షణ బ్యానర్ల కింద నడిచిన మన పిల్లలెంతమందో. ఆ పేర్ల వెనకున్నది మెకార్తీ జాబితాలని బ్యానరు చెప్పదు.

చెరిపి రాయకపోవడం వల్ల మరో లాభం. ఒకే చిట్టా పుస్తకంలో ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి కొట్టేసి రాస్తుంటే గొడవే. ఎవరూ ఏదీ కొట్టేయనప్పుడు ఇద్దరేం, వందమంది కూర్చున్నా చిక్కు లేదు. 1,024 అంకెలను కూడాలంటే 1,023 కూడికలు తప్పవు. కానీ వాటిని జతలు జతలుగా చెట్టు ఆకారంలో పేర్చి, మనుషులు కావలసినంత మంది ఉంటే 10 అంచెల్లో పని తెమిలిపోతుంది. 15-150లో మొదటిదాన్ని వర్క్ అనీ, రెండోదాన్ని స్పాన్ అనీ అంటారు. ప్రతి ప్రోగ్రామ్‌కూ రెండూ లెక్కకట్టిస్తారు.

లోపాల్లేవని కాదు. తెర మీద ఒక అక్షరం అచ్చువేయడం కూడా లోకాన్ని మార్చడమే కనుక స్వచ్ఛమైన ప్రమేయాలకు అది ఇబ్బంది. దానికి హాస్కెల్ చూపిన దారి మోనాడ్. దాన్ని వివరిస్తూ వచ్చిన వ్యాసాలు బోలెడు, అర్థమైనవి తక్కువ, నేనైతే ఆ సాహసం చెయ్యను. ఉన్న చోటనే విలువలు మారిస్తే చకచకా అయ్యే పనులు కొన్ని ఇక్కడ నెమ్మదిస్తాయి. ఎంఐటీ కూడా, ఏళ్ళ తరబడి స్కీమ్ అనే లిస్ప్ తరహా భాషలో చెప్పిన 6.001 అనే తొలి కోర్సును తీసేసి పైథాన్ వైపు మళ్ళింది. టెక్సాస్ యూనివర్సిటీ ఆస్టిన్‌లో హాస్కెల్‌ను జావాతో మార్చే మాట వచ్చినప్పుడు, 2001లో కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా అభ్యంతరం చెబుతూ ఉత్తరం రాశాడు. ఫంక్షనల్ ప్రోగ్రామ్‌లను గణిత వస్తువులుగా చూడడం తేలిక, కాబట్టి తర్కం నేర్పడానికి అవే మేలన్నది ఆయన వాదన. నాదీ అదే మాట. ఉద్యోగానికి జావా ఎలాగూ నేర్చుకుంటాం. 2014లో జావా 8 వచ్చాక అందులోకీ లాంబ్డాలు వచ్చేశాయి.

మన దగ్గర చాలా కాలేజీల్లో ఇది ప్రోగ్రామింగ్ భాషల పేపర్లో చివరి యూనిట్టు. చివరి యూనిట్టు గతి తెలిసిందే, చాయిస్‌లో వదిలేస్తాం. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో మాత్రం డిగ్రీ పిల్లలకు మొదటి ప్రోగ్రామింగ్ పాఠమే హాస్కెల్‌లో. అక్కడి అధ్యాపకులు మాధవన్ ముకుంద్, ఎస్.పి. సురేశ్ చెప్పిన హాస్కెల్ పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా ఉన్నాయి. ఎంఐటీ కోర్సు పోయినా దాని పుస్తకం పోలేదు. హెరాల్డ్ ఏబెల్సన్, జెరాల్డ్ సస్‌మన్‌లు జూలీ సస్‌మన్‌తో కలిసి 1985లో తెచ్చిన ‘స్ట్రక్చర్ అండ్ ఇంటర్‌ప్రిటేషన్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామ్స్’ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇంటర్ లెక్కలు గుర్తుంటే చాలు, మొదలుపెట్టండి. అందులో డబ్బాలో ఉన్నది మార్చే మాట మూడో అధ్యాయం దాకా రాదు.